మిలట్రీ తాత రాసిన అర్జీలు



ఈ వారం జీఎస్-2లో సంక్షేమ పథకాల మీద రాస్తానని చెప్పాను. నోట్స్ వేసుకుంటూ మాజీ సైనికుల సంక్షేమం దగ్గరికి వచ్చాను. ఆ భాగానికి నాకు కోచింగ్ మెటీరియల్ అవసరం పడలేదు. అది దాదాపు పాతికేళ్లు మా ఇంటి వసారాలో నడిచింది. కాబట్టి ఈసారి పాయింట్లు, ఫ్లోచార్టు లేవు. మా తాత గురించి రాస్తున్నాను. మధ్యలో మీకు పరీక్షకు పనికొచ్చేవి చాలా తగులుతాయి, ఏరుకోండి.

ముందే ఒక మాట. మా తాతకు పరమవీర చక్ర లాంటివేమీ రాలేదు. హవల్దారుగా రిటైరయ్యారు. ఆయన పేరు మీరు ఏ పుస్తకంలోనూ చదవరు. ఎథిక్స్ పేపర్లో మనం రాసే ఉదాహరణలన్నీ పెద్దవాళ్లవే ఉంటాయి. కలాం, శ్రీధరన్, శాస్త్రి. వాళ్లు గొప్పవాళ్లే. కాకపోతే మనం రేపు ఉద్యోగంలో చేరితే మన బల్ల ముందు నిలబడేది హవల్దార్లు, వాళ్ల భార్యలు.

మాది గిద్దలూరుకూ కంభానికీ మధ్య ఒక పల్లె. కంభం చెరువు కింద పొలం ఉన్నవాళ్లకు వరి. లేనివాళ్లకు వాన పడితే కంది, ఆముదం, పడకపోతే వలస. మా వైపు ఇంటికొకరు మిలట్రీకి పోవడం వెనక దేశభక్తి ఎంత ఉందో ఈ మెట్ట నేల కూడా అంతే ఉంది. ఈ మాట తాతే అనేవారు, నేను కల్పించింది కాదు. 1962లో చైనాతో యుద్ధం తర్వాత ప్రభుత్వం సైన్యాన్ని 8 లక్షలు దాటేలా పెంచాలనుకుంది. పల్లె పల్లెకూ భర్తీ కబురు వచ్చింది. 1963లో తాతకు 19 ఏళ్లు. మీటరు గేజి రైలెక్కి బెంగుళూరు పోయి, అలసూరు చెరువు దగ్గరున్న మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో చేరారు. మద్రాస్ సాపర్స్ అంటే అదే. 1780 నాటి దళం. అందులో జవాన్లను తంబీలంటారు. తెలుగువాడైనా తంబీయే, మలయాళీ అయినా తంబీయే. తాతకు చివరిదాకా హిందీ కంటే అరవమే బాగా వచ్చేది.

ఇంటికి పెద్దకొడుకు. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు, తమ్ముడి టీచర్ ట్రైనింగు, అన్నీ మనియార్డర్ల మీదే జరిగాయి. జీతం వచ్చిన మూడో రోజుకల్లా ఫారం నింపేవారట. ఆ ఫారం అడుగున కబురు రాయడానికి కాస్త చోటుండేది. అందులో ఎప్పుడూ ఒకటే మాట, ఎవరికి ఎంతివ్వాలో.

1968లో పెళ్లయింది. మా వైపు నాయనమ్మను జేజి అంటాం. జేజికి చదువు రాదు. సి/ఓ 56 ఏపీఓ అని వచ్చే ఇన్‌లాండ్ లెటరును పోస్ట్‌మాన్ ఇంటి ముందు నిలబడి పైకి చదివి వినిపించేవాడు. చుట్టుపక్కలవాళ్లు కూడా చేరి వినేవాళ్లు. తన ఉత్తరం నలుగురి ముందు చదువుతారని తాతకు తెలుసు. అందుకే వాటిలో ఎద్దుల సంగతి, కంది ధర, అమ్మ మోకాళ్ల నొప్పి తప్ప ఇంకేమీ ఉండేది కాదు. కానీ ప్రతి ఉత్తరం చివర ఒక మూలన ఒక అంకె వేసేవారు. సెలవుకు ఇంకా ఎన్ని రోజులుందో ఆ అంకె. జేజికి అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు. పోస్ట్‌మాన్ ఆ అంకెను ఏదో ఆఫీసు నంబరనుకుని చదవకుండా వదిలేసేవాడు. ఈ సంగతి జేజి నాకు తాత పోయాకే చెప్పింది.

1971 యుద్ధంలో తాత షకర్‌గఢ్ సెక్టారులో ఉన్నారు. బసంతర్ నది పోరు గురించి మీరు చదివే ఉంటారు. అరుణ్ ఖేతర్‌పాల్, 21 ఏళ్ల సెకండ్ లెఫ్టినెంటు, డిసెంబరు 16న ట్యాంకు వదలకుండా పోరాడి చనిపోయాడు. ఆ ట్యాంకులు నది దాటి ముందుకు పోవాలంటే దారిలో మైన్‌ఫీల్డు ఉంది. రాత్రిపూట, ఫిరంగి గుండ్ల కింద, ఇంజనీర్లు దానిలో దారి చేశారు. దారి పూర్తి కాకముందే ట్యాంకులు దూసుకుపోవాల్సి వచ్చిందని కూడా మనం చదువుతాం. దారి తీసినవాళ్ల గురించి మాత్రం సాధారణంగా ఒక వాక్యమే ఉంటుంది.

తాత ఆ రాత్రి గురించి చెప్పేవారు కాదు. నేను ఇంజనీరింగులో ఉండగా చాలాసార్లు అడిగాను. ఒక్కసారి మాత్రం పొలంలో ఇనుప చువ్వ తీసుకుని నేల మీద పడుకుని చూపించారు. చువ్వను నేలకు ముప్పై డిగ్రీలు వాల్చి, మెల్లగా, కొంచెం కొంచెంగా గుచ్చాలి. నిలువుగా గుచ్చితే మైను నెత్తి మీద తగులుతుంది, అది పేలేది అక్కడే. వాల్చి గుచ్చితే దాని పక్క గోడకు తగులుతుంది. తగిలిందంటే ఆగాలి, చేత్తో మట్టి తీయాలి, గుర్తు పెట్టాలి, పక్కకు జరగాలి. శుభ్రం చేసిన దారికి రెండు వైపులా తెల్లటి టేపు పరవాలి. "తొందరున్నోడు ఈ పనికి పనికిరాడు నాయనా. తొందర లేనోడూ పనికిరాడు. ఎనక ట్యాంకులు ఆగుంటయ్యి" అన్నారు. లేచి పంచె దులుపుకున్నారు. అంతే, అప్పటికి చాలనుకున్నారు.

మా నాన్న 1972 జనవరిలో పుట్టారు. తాత అప్పటికింకా సరిహద్దులోనే ఉన్నారు. 1972 జూలై 2న సిమ్లా ఒప్పందం జరిగింది. మనకది ఒక బిట్టు, మహా అయితే 150 పదాల జవాబు. మా ఇంట్లో దాని అర్థం వేరు. ఒప్పందం అయ్యాకే తాతకు సెలవు దొరికింది. కొడుకుని మొదటిసారి చూసేసరికి నాన్నకు ఏడో నెల. నాన్న ఆయన్ను చూసి గుక్కపెట్టి ఏడ్చారట.

1984లో, 21 ఏళ్ల సర్వీసుతో, 40 ఏళ్ల వయసులో రిటైరయ్యారు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఒకే హోదాకు ఒకే పెన్షన్ గురించి మనం రాసే జవాబుల్లో అసలు కారణం తరచూ జారిపోతుంది. సివిల్ ఉద్యోగి 60 ఏళ్ల దాకా జీతం తీసుకుంటాడు, ప్రతి వేతన సంఘం పెంపూ అందుతుంది. జవాను ముప్పైల చివర్లోనో నలభైకో ఇంటికి వస్తాడు. అప్పటికి పిల్లలు బడిలో ఉంటారు. ఆనాటి జీతం మీద లెక్కకట్టిన పెన్షన్‌తో ఇంకో ముప్పై నలభై ఏళ్లు బతకాలి. 15 ఏళ్ల సర్వీసు నిండకపోతే ఆ పెన్షన్ కూడా లేదు. తాత 20 ఏళ్లు ఒక బ్యాంకులో సెక్యూరిటీ గార్డుగా చేశారు. తుపాకీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి మా అత్తల పెళ్లిళ్లు చేశారు, నాన్నను డిగ్రీ చదివించారు.

క్యాంటీన్ కార్డు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మిలట్రీ ఇంటి కథ పూర్తి కాదు. రమ్ము కోటా కోసం బంధువులకు తాత మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చేది. పెళ్లికి కావాలి, జాతరకు కావాలి, ఫలానా ఆఫీసరుకి ఇస్తే పనవుతుంది అని వచ్చేవాళ్లు. ఆయన తాగడు, అమ్మడు, ఇవ్వడు. చలికాలం జేజి మోకాళ్లకు రుద్దడానికి ఏడాదికొక సీసా తెచ్చేవారు. దీనివల్ల ఆయనకు పోయిన చుట్టరికాలు కొన్ని ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఇక వసారా. అక్కడ ఒక టేకు బల్ల, పక్కన ఆయన నంబరు, పేరు తెల్లరంగుతో రాసిన నల్ల ట్రంకు పెట్టె. అది ఎప్పుడు మొదలైందో ఎవరికీ సరిగ్గా తెలీదు, తొంభైల మధ్యలో అంటుంది జేజి. బ్యాంకు డ్యూటీ లేని ఆదివారం పొద్దున చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. ఎక్కువమంది వితంతువులు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో నాలుగు మడతలు పడి చిరిగిపోయిన డిశ్చార్జ్ బుక్కు. "మిలట్రీ అన్నా, బ్యాంకోళ్లు పేరు కుదర్లేదంటన్నారు" అనేవాళ్లు.

పేరు ఎందుకు కుదరదో తెలుసుకుంటే మనకు ఒక పాలనా పాఠం అర్థమవుతుంది. జవానుకు పెళ్లయితే ఆ విషయం అతని యూనిట్ ద్వారా పార్ట్ టూ ఆర్డర్‌గా రికార్డులకు ఎక్కాలి. పిల్లలు పుడితే మళ్లీ ఒకటి. ఇతను ఇంట్లో పిలిచే పేరు చెబుతాడు. రాసుకునే గుమాస్తా ఏ పంజాబీయో, బెంగాలీయో అయ్యుంటాడు, తనకు వినిపించినట్టు ఇంగ్లీషులో రాస్తాడు. అదే డిశ్చార్జ్ బుక్కులోకి, అక్కడి నుంచి పీపీఓలోకి, అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులోకి పోతుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఆమెకు ఆధార్ వస్తుంది. దాంట్లో పూర్తి పేరు, ఎవరో ఊహించి వేసిన పుట్టిన సంవత్సరం. భర్త బతికున్నన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ కనపడదు. ఆయన పోయి కుటుంబ పెన్షన్‌కు దరఖాస్తు పెట్టిన రోజున బయటపడుతుంది. అప్పుడు సరిదిద్దమని రికార్డు ఆఫీసుకు రాయాలి. వాళ్లు ఒప్పుకుంటే పెన్షన్ మంజూరు చేసే కంట్రోలర్ ఆఫీసు సవరణ పీపీఓ ఇవ్వాలి. అది డబ్బు చెల్లించే బ్యాంకుకో ట్రెజరీకో చేరాలి. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో కాగితం.

మా ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. 1970 ఫిబ్రవరి దాకా గిద్దలూరు తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. తర్వాత ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికే ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 1963లో చేరినవాళ్ల పుస్తకంలో కర్నూలు జిల్లా అని ఉంటుంది. ఆధార్‌లో ప్రకాశం. ఎక్కడో దూరాన కూర్చున్న గుమాస్తాకు ఇవి రెండు వేర్వేరు ఊళ్లు, ఇద్దరు వేర్వేరు మనుషులు. తాత దీనికోసం జిల్లాలు మారిన వైనాన్ని నాలుగు వాక్యాల్లో ఇంగ్లీషులో టైపు చేయించి యాభై కాపీలు తీయించి పెట్టుకున్నారు. ప్రతి అర్జీకి ఒకటి జతపరిచేవారు. జిల్లాల పునర్విభజన మీద నేను చదివినవాటిలో అంత పొందికైనది ఇంకోటి లేదు.

ఒకామె సంగతి చెబుతాను. భర్త 16 ఏళ్లు సిపాయిగా చేసి వచ్చి, 2009లో పోయాడు. పుస్తకంలో ఆమె ముద్దుపేరు, అదీ తప్పుగా. రేషన్ కార్డులో ఒక పేరు, ఓటరు కార్డులో ఇంకొకటి. తాసీల్దారు దగ్గర ఇద్దరూ ఒకరేనని సర్టిఫికెట్ తెచ్చారు. అఫిడవిట్ కావాలన్నారు, ఇచ్చారు. అఫిడవిట్ మేజిస్ట్రేటు ముందు చేసింది కావాలన్నారు, అదీ ఇచ్చారు. పిల్లల పేర్లు రికార్డులో లేవన్నారు. ఎవరన్నారు, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ రాయను, నా ఉద్దేశం అది కాదు. అక్కడున్నవాళ్లు చెడ్డవాళ్లు కారని తాత కూడా అనేవారు. వాళ్ల ముందున్నది కాగితమే, మనిషి కాదు, అందుకని కాగితమే మనిషిలా మాట్లాడాలి అనేవారు. మొత్తం మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఆమె మిరపకోతలకు కూలికి పోయింది.

తాత పద్ధతి ఇలా ఉండేది. ప్రతి ఉత్తరం రిజిస్టరు పోస్టులో, రశీదు నోటుబుక్కులో అంటించాలి. కొత్త ఉత్తరం మొదటి వాక్యంలో పాత ఉత్తరం తేదీ, వాళ్ల జవాబు నంబరు ఉండాలి. ఒక ఉత్తరంలో ఒకే కోరిక. నెల దాటితే రిమైండరు, రెండు నెలలు దాటితే పై అధికారికి కాపీ. కోపం ఎక్కడా కనపడకూడదు. ఇంకొకటి, అర్జీలో బతిమాలే మాటలు రాయనిచ్చేవారు కాదు. చాలామంది ఆడవాళ్లు "దయతలిచి ఇప్పించమని రాయన్నా" అనేవాళ్లు. "దయెందుకమ్మా. మీ ఆయన పదారేళ్లు చేసిన పనికిది కూలి" అని ఆ మాట కొట్టేసేవారు.

ఇక్కడ మీకు నకారా కేసు గుర్తొచ్చి ఉంటుంది. డి.ఎస్. నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఐదుగురు సభ్యుల ధర్మాసనం ఇదే చెప్పింది. పెన్షన్ ప్రభుత్వం దయతో వేసే భిక్ష కాదు, గతంలో చేసిన సేవకు దక్కాల్సిన హక్కు. డిసెంబరు 17ను పెన్షనర్ల దినంగా జరుపుకొనేది అందుకే. 2021లో ప్రిపరేషన్ మొదలుపెట్టిన కొత్తలో ఈ తీర్పు చదివి తాతకు వివరంగా చెప్పాను. మొత్తం విని, "బాగుంది. తీర్పొచ్చినాక డబ్బులు ఎన్నాళ్లకు పడినయ్యి?" అని అడిగారు. నా నోట్స్‌లో ఆ కాలమ్ లేదు. ఇప్పుడు ప్రతి పథకం పక్కన, ప్రతి తీర్పు పక్కన ఆ కాలమ్ గీసుకుంటున్నాను. నిండేవి తక్కువ.

ఒకే హోదా ఒకే పెన్షన్ ఉత్తర్వు 2015 నవంబరు 7న వచ్చింది, 2014 జూలై 1 నుంచి వర్తించింది. 2013లో రిటైరైనవాళ్ల కనిష్ఠ, గరిష్ఠ పెన్షన్ల సగటును ఆధారంగా తీసుకున్నారు, ఐదేళ్లకోసారి సవరణ అన్నారు. ఢిల్లీలో దీక్షలు చేసినవాళ్లకు ఇది పూర్తిగా నచ్చలేదు. ఏటా సవరించాలన్నది వాళ్ల కోరిక. 2022 మార్చిలో సుప్రీంకోర్టు ప్రభుత్వ విధానాన్నే సమర్థించింది. పరీక్షలో మీరు రెండు పక్షాలూ రాయండి. తాత మాత్రం ఉత్తర్వు తెలుగు పేపర్లో చూసి బాకీల పేరా దగ్గర ఆగారు. బాకీలు మామూలు పెన్షనర్లకు ఆరు నెలలకోసారి నాలుగు వాయిదాల్లో, కుటుంబ పెన్షన్ తీసుకునేవాళ్లకు ఒకేసారి అని ఉంది. ఆయనది నాలుగు వాయిదాల లెక్క. "ఆడోళ్లకు ఒక్కసారే ఇస్తన్నారు, ఎవడో బుద్ధున్నోడు రాసినాడు" అని ఆ రోజంతా సంతోషంగా ఉన్నారు. పేరు తెలియని ఏ అండర్ సెక్రటరీనో అలా మా వసారాలో మెచ్చుకున్నారు. మనలో ఎవరైనా రేపు అలాంటి ఒక వాక్యం రాసే కుర్చీలో కూర్చోవచ్చు.

అన్నీ నెగ్గలేదు. 12 ఏళ్లకే వచ్చేసిన ఒకాయన భార్య వచ్చింది. 15 ఏళ్లు నిండలేదు, పెన్షన్ రాదు. తాత ఆమెకు మొహమాటం లేకుండా రాదని చెప్పేశారు. ఆమె ఏడ్చి వెళ్లిపోయింది. 65 దాటాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పెనూరీ గ్రాంటుకు పెట్టొచ్చని, ఆమె వయసు లెక్కేసి నోటుబుక్కులో తేదీ రాసుకున్నారు. ఆ గ్రాంటు సాయుధ దళాల పతాక నిధి నుంచి వస్తుంది. డిసెంబరు 7న బడిలో మనకు అంటించే చిన్న జెండాల డబ్బులు చేరేది ఆ నిధికే. ఇంకొకామె కాగితాలు నడుస్తుండగానే పోయింది. ఆ పేజీ మీద తాత అడ్డగీత కొట్టలేదు, కింద తేదీ వేసి వదిలేశారు.

ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. తీసుకోవడం గురించి ఆయనకొక నియమం ఉండేది. పొలంలో పండింది ఇస్తే తీసుకునేవారు, అంగట్లో కొన్నది ఇస్తే తీసుకునేవారు కాదు. నాలుగు సొరకాయలు, కాసిని కందులు పర్వాలేదు. స్వీట్ ప్యాకెట్టు వెనక్కి. "వాళ్లనీ ఇయ్యనీయాల గదా, లేకుంటే మన దగ్గర తల దించుకుంటారు" అనేవారు. ప్రభుత్వోద్యోగి కానుకల మీద మనం చదివే ప్రవర్తనా నియమాలతో ఇది సరిపోదని నాకు తెలుసు. మీరు ఎథిక్స్ జవాబులో రాయకండి.

మంచి మాటలే రాస్తే మా నాన్న నవ్వుతారు. తాత ఇంట్లో సులువైన మనిషి కాదు. రాత్రి ఏడున్నరకు అన్నం, ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆయన తినేసి లేచిపోయేవారు. నాన్న పదో తరగతి దాకా ఆయన ముందు కుర్చీలో కూర్చోలేదు. "మీ తాత ఊరందరి కాగితాలూ చూసినాడు, నా మార్కుల కాగితం ఏ రోజూ చూడ్లేదు" అని నాన్న నాతో ఒకసారి అన్నారు. ఆ మాటలో నిజముంది. చిన్నప్పుడంతా దూరంగా ఉండి, నలభై ఏళ్లకు ఇంటికొచ్చిన తండ్రికి, పన్నెండేళ్ల కొడుకుతో ఎలా మాట్లాడాలో తెలియకపోయి ఉండొచ్చు. ఇలాంటి ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి. సైనిక కుటుంబాల త్యాగం అని మనం ఒక్క ముక్కలో రాసేదానిలో ఇదీ ఉంది.

2022 జనవరిలో తాత పోయారు. 78 ఏళ్లు. దినాలయ్యాక నాన్న ట్రంకు పెట్టె తీస్తే అన్నిటికంటే పైన ఒక బ్రౌన్ కవరు ఉంది. దాని మీద "నేను పోయినాక" అని రాసుంది. లోపల పీపీఓ కాపీలు నాలుగు, జేజితో కలిసి తీయించుకున్న ఫోటోలు ఆరు, జాయింటు ఖాతా పాస్‌బుక్కు, జేజి పేరు పూర్తిగా సరిదిద్దిన పార్ట్ టూ ఆర్డర్ కాపీ, జిల్లా మారిన వైనం కాగితం. ఆ సవరణ ఆయన 1991లోనే చేయించుకున్నారు, వసారాలో బల్ల వేయకముందే. వాటితోపాటు టైపు చేసిన ఒక అర్జీ. మరణించిన తేదీ దగ్గర ఖాళీ, జేజి వేలిముద్ర దగ్గర ఖాళీ, మిగతా అంతా నింపి ఉంది. నాన్నకు విడిగా ఒక చీటీ. దినాల ఖర్చుకు ఫలానా డిపాజిట్ తీయి, అప్పు చేయొద్దు, రిజిస్టరు పోస్టు చేసి రశీదు అంటించు. ఆఖరి లైను, "మీ అమ్మను బ్యాంకులో నిలబెట్టొద్దు."

నాన్న ఆ చీటీ చదివి వసారాలోకి పోయి చాలాసేపు కూర్చున్నారు. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

మూడో నెలలో జేజికి పెన్షన్ పడింది. ఆఖరి జీతంలో 30 శాతం లెక్కన వచ్చే సాధారణ కుటుంబ పెన్షన్. ఒక్క ప్రశ్న రాలేదు, ఒక్క కాగితం వెనక్కి రాలేదు. అప్పుడే నాకు ఆ మూడేళ్లు కూలికి పోయినామె గుర్తొచ్చింది. ఇద్దరి భర్తలూ ఒకే సైన్యంలో చేశారు.

తాత పోయాక కూడా ఆడవాళ్లు రావడం మానలేదు. మొదటి ఆదివారం ఇద్దరు వచ్చారు, పరామర్శకనుకున్నాం. కాసేపు ఏడ్చి, పాలిథిన్ కవరు తీశారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఇంట్లో చదువుకుంటున్నాను, ఇంగ్లీషు వచ్చు, ల్యాప్‌టాప్ ఉంది. ఇంకెవరున్నారు? ఇప్పుడు రక్షణ పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారాయి. బ్యాంకుల చేతి నుంచి తీసి నేరుగా ఖాతాలో వేస్తారు. మంచి మార్పే, నిజంగానే. కానీ లాగిన్, ఓటీపీ, పాత ఫోన్ నంబరు, వాటి మధ్య 70 ఏళ్ల మనిషి. నవంబరు వస్తే బతికున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి, లేకపోతే పెన్షన్ ఆగిపోతుంది. జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది, వేలిముద్రతో పనవుతుంది. మిరపకాయలు కోసి, పొగాకు గుచ్చి అరిగిపోయిన వేళ్లను ఆ యంత్రం గుర్తుపట్టదు. 2021 నవంబరులో ముఖం చూపించే పద్ధతి తెచ్చాక మా వసారాలో పని సగం తగ్గింది. మీ ఊళ్లో మాజీ సైనికుల ఇళ్లుంటే, ఈ నవంబరులో ఒక పూట మీ ఫోన్ పట్టుకుని వెళ్లండి. ఒక్కొక్కరికి పది నిమిషాలు. వెలుతురు బాగున్న చోట కూర్చోబెట్టండి, రెప్ప వేయమని ముందే చెప్పండి, లేకపోతే బిగుసుకుపోయి చూస్తారు.

నాతోపాటు చదివే మిత్రుడొకడు ఇది టైమ్ వేస్టు అంటాడు. వాడి మాట కొట్టిపారేయలేను. ఇది నా మూడో అటెంప్టు. నాన్న రిటైర్మెంటుకు ఇంకెంతో దూరం లేదు. మెయిన్స్ ఇంకా రెండు నెలలు. ఆప్షనల్ రెండో పేపర్లో ఇంకా చదవాల్సినవి మిగిలున్నాయి. అందుకని ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా అని కట్టుబాటు పెట్టుకున్నాను. పదకొండుకు ల్యాప్‌టాప్ మూసేస్తాను. తాతైతే మూసేవారు కాదు, కానీ తాతకు ప్రిలిమ్స్ లేవు. సర్వీసు వస్తుందో రాదో నాకు తెలియదు. రాకపోతే ఏం చేయాలన్న ప్రశ్న రాత్రిళ్లు నన్నూ మీలాగే పట్టుకుంటుంది. ఈ ఆదివారాలను దానికి జవాబని చెప్పి మిమ్మల్ని గానీ నన్ను గానీ మోసం చేసుకోను. ఈ మూడు గంటల్లో మాత్రం ఒక పని మొదలై ఎక్కడిదాకా వచ్చిందో కళ్లకు కనపడుతుంది, అది ఈ మూడేళ్లలో నాకు ఇంకెక్కడా కనపడలేదు.

తాత నోటుబుక్కునే వాడుతున్నాను. 143వ పేజీ దాకా ఆయన రాత, నీలం సిరా. తర్వాత నాది. ప్రస్తుతం నాలుగు నడుస్తున్నాయి. వాటిలో ఒకామె ఆధార్‌లో వయసు పన్నెండేళ్లు తక్కువ పడింది. ఆ లెక్కన ఆమెకు ఆరేళ్లకే పెళ్లయినట్టు, తొమ్మిదో ఏట మొదటి కూతురు పుట్టినట్టు. రికార్డు ఆఫీసు వాళ్లు అడిగింది న్యాయమైన ప్రశ్నే. బడికి పోలేదు కాబట్టి సర్టిఫికెట్ లేదు. పెద్ద కూతురి పదో తరగతి సర్టిఫికెట్ దొరికింది, దాన్ని పట్టుకుని వయసు దిద్దమని ఆధార్ కేంద్రంలో పెట్టించాను. వచ్చే ఆదివారం ఆ రశీదు తీసుకొస్తానంది. పోయినసారి మూడు దోసకాయలు తెచ్చింది. సొంత పాదువేనా అని జేజి ముందు అడిగి, ఔనన్నాకే లోపలికి తీసుకెళ్లింది.